పొద్దున్నే నా పాట వేస్తున్నారు, మరి రాయల్టీ ఎవరికి వెళ్తోంది?

కృష్ణా జిల్లా నుంచి ఒక పాఠకురాలు పంపిన పెద్ద ఉత్తరం ఇది. పేర్లు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడ సంగీతం టీచరు. 2018లో కొంత బంగారం తాకట్టు పెట్టి, సొంత ఖర్చుతో స్టూడియో మాట్లాడుకుని, ఎనిమిది అన్నమాచార్య కీర్తనలతో ఒక ఆల్బమ్ చేశారు. అయిదింటికి బాణీ ఆవిడే కట్టుకున్నారు, మిగతా మూడూ గురువుగారి దగ్గర నేర్చుకున్నవి. వయొలిన్ మీద ఊరంతా మాస్టారూ అని పిలిచే పెద్దాయన, మృదంగానికీ వేణువుకీ ఇద్దరు కుర్రాళ్లు కూర్చున్నారు. రికార్డింగు అయిన రోజునే ముగ్గురికీ కవర్లలో సంభావన ఇచ్చేశారు. రాతకోతలేమీ లేవు. తర్వాత ఒక ఆడియో కంపెనీ వాళ్లు ఒక పేజీ అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుని, కొన్ని సీడీలు ఇచ్చి, పాటల్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించారు. ఆ తర్వాత వాళ్ల నుంచి లెక్కా లేదు, కబురూ లేదు.

ఆవిడ పిన్నత్తగారి అబ్బాయి, అంటే మరిది, డాలస్ దగ్గర ఉంటారు. స్నేహితులతో కలిసి ఒక తెలుగు ఇంటర్నెట్ రేడియో నడుపుతున్నారు. మూడేళ్లుగా రోజూ పొద్దున్న భక్తి గీతాల్లో ఈవిడ పాట ఒకటి వస్తోంది. ముక్కోటి ఏకాదశికి ఎనిమిది పాటలూ వరసగా వేసి, ఆ కార్యక్రమాన్ని ఎప్పుడైనా వినేలా వాళ్ల సైట్లో ఉంచారు. అక్కడే ఉంటున్న మాస్టారి కూతురు అది విని తండ్రికి చెప్పింది. మాస్టారు ఈవిడకి ఫోన్ చేసి, నొప్పించకుండానే, "అమెరికా రేడియోలో వస్తోందట కదమ్మా, డాలర్లు వస్తుంటే మా కుర్రాళ్లని కూడా కాస్త చూడండి" అన్నారు. వేణువు కుర్రాడు అంత నెమ్మది కాదు. కళాకారుల వాట్సాప్ గ్రూపులో "పక్కవాద్యం వాళ్లకి కవరు, పాడినవాళ్లకి డాలరు" అని పెట్టాడు. ఈవిడకి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇంతవరకు ఒక్క రూపాయి రాలేదు. మరిదిని అడిగితే, "వదినా, మేం చేసేది సేవ, యాడ్స్ కూడా లేవు, పైగా మీకు పబ్లిసిటీ కదా" అన్నారు. భర్తేమో "మనవాళ్ల దగ్గర డబ్బులు అడుగుతావా, బాగుండదు" అంటున్నారు.

ఆవిడ అడుగుతున్నది: నాకు రావాల్సిన డబ్బు ఉందా? ఉంటే ఎవరి దగ్గర ఉంది? పక్కవాద్యాల వాళ్లకి వాటా ఇవ్వాలా? అడిగితే చుట్టరికం చెడుతుందా?

సమాధానం

ముందు మీ మరిది గారి మాట తీసుకుందాం. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది.

అమెరికాలో ఒక పాటకి చట్టం దృష్టిలో రెండు హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ కలిపి ఒకటి. దాన్ని పాడి, వాయించి రికార్డు చేసిన ట్రాక్ ఇంకొకటి. అక్కడి ఎఫ్ఎం రేడియోలు మొదటిదానికే డబ్బు కడతాయి, అంటే రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ. పాడినవాళ్లకీ వాయించినవాళ్లకీ ఒక్క సెంటు కూడా ఇవ్వనక్కర్లేదు. అంత పెద్ద సంగీత వ్యాపారం ఉన్న దేశంలో ఇది వింతే అయినా, ఇవాళ్టికీ పరిస్థితి అదే. ఇంటర్నెట్ రేడియోకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. 1995లో చేసిన చట్టం, 1998లో దానికి చేసిన సవరణ ప్రకారం డిజిటల్‌గా ప్రసారం చేసే రేడియో ట్రాక్‌కి కూడా రాయల్టీ కట్టాలి. దానికి బదులుగా రేడియోకి ఒక సౌకర్యం ఇచ్చారు. ప్రతి గాయకుడినీ, ప్రతి కంపెనీనీ వెతుక్కుంటూ వెళ్లి అనుమతి తీసుకోనక్కర్లేదు. ప్రభుత్వం నియమించిన కాపీరైట్ రాయల్టీ బోర్డు ఒక రేటు పెడుతుంది, ఆ డబ్బు సౌండ్‌ఎక్స్ఛేంజ్ అనే సంస్థకి కట్టి, ఏయే పాటలు వేశారో జాబితా పంపిస్తే సరిపోతుంది. 2003 నుంచి అది లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థ. వచ్చిన సొమ్ము పంచిపెట్టడమే దాని పని.

కాబట్టి మీ మరిది గారు మిమ్మల్ని అడక్కుండా రోజుకో పాట వేయడంలో తప్పు లేదు, సౌండ్‌ఎక్స్ఛేంజ్‌కి డబ్బు కట్టే ఆ లైసెన్సు కింద నడుపుతుంటే. అప్పుడు ఆయన ఇవ్వాల్సింది ఇదివరకే ఇచ్చేస్తున్నారు. మళ్లీ మీరు ఆయన్ని డబ్బు అడిగితే అన్యాయం అవుతుంది. "సేవ చేస్తున్నాం కాబట్టి కట్టం" అంటున్నారా, "కట్టాల్సిన చోట కడుతున్నాం, మీకు విడిగా ఏం ఇస్తాం" అంటున్నారా అనేది మీ ఉత్తరంలో తేలలేదు. ఈ రెండూ పూర్తిగా వేరు సంగతులు. యాడ్స్ లేనంత మాత్రాన రాయల్టీ మాఫీ కాదు.

సౌండ్‌ఎక్స్ఛేంజ్‌కి చేరిన డబ్బుని ఎలా పంచాలో చట్టంలోనే రాసి ఉంది. ట్రాక్ హక్కుదారుకి 50 శాతం, ముఖ్య కళాకారుడికి 45 శాతం. మిగతా అయిదులో సగం పక్కన వాయించినవాళ్ల కోసం, సగం వెనక పాడినవాళ్ల కోసం ఒక నిధికి వెళ్తుంది. ఈ 45 శాతం సంగతి మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అది కంపెనీ చేతుల మీదుగా రాదు, నేరుగా గాయని ఖాతాకి వస్తుంది. ట్రాక్ మొత్తం కంపెనీకి రాసిచ్చేసినా సరే, ఈ వాటా మీదే. కాకపోతే మీరెవరో, ఏ బ్యాంకులో వేయాలో ఆ సంస్థకి తెలియాలి. మీరు నమోదు చేసుకోలేదు కాబట్టి తెలియదు. ఎవరూ అడగని సొమ్ము మూడేళ్లు దాటితే సంస్థ తన ఖర్చులకి వాడుకోవచ్చని నిబంధన ఉంది. మీ పాట మూడేళ్లుగా వస్తోందంటున్నారు కాబట్టి ఈ పని వచ్చే సంక్రాంతికి చూద్దామని వాయిదా వేయకండి. నమోదుకి ఫీజు లేదు.

ఇప్పుడు అసలు ఎంత వస్తుందో చూద్దాం. ఇది చూశాక మీ ఇంట్లో సగం వేడి తగ్గుతుందని నా అంచనా.

2021 నుంచి 2025 దాకా అమల్లో ఉన్న లెక్క ప్రకారం, శ్రోతల దగ్గర చందా తీసుకోని వాణిజ్య రేడియో ఒక పాట ఒక్క శ్రోతకి వినిపిస్తే మొదటి ఏడాది 0.0021 డాలరు కట్టాల్సి ఉండేది. తర్వాతి ఏళ్లలో ధరల పెరుగుదలని బట్టి అది కొద్దికొద్దిగా పెరిగింది. మీ పాట వచ్చే వేళకి రెండు వందల మంది వింటున్నారనుకోండి. రోజుకి 42 సెంట్లు, ఏడాదికి సుమారు 153 డాలర్లు. అందులో పాడినందుకు మీ వాటా 69 డాలర్లు. ట్రాక్ కూడా మీ పేరనే ఉంటే ఇంకో 77. సౌండ్‌ఎక్స్ఛేంజ్ తన నిర్వహణ ఖర్చు తీసుకున్నాక ఇంకాస్త తగ్గుతుంది.

అదే మీ మరిది గారి రేడియో పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థగా నమోదై ఉంటే లెక్క ఇంకా చిన్నది. ఆ 2021-2025 లెక్కలో అలాంటి వాళ్లకి చానెల్‌కి ఏడాదికి వెయ్యి డాలర్లు కనీస రుసుము ఉండేది. శ్రోతలందరూ విన్న గంటలు కలిపి నెలకి 1,59,140 దాటనంత వరకు అంతకు మించి కట్టాల్సిన పని ఉండేది కాదు. అంటే రాత్రనక పగలనక సగటున 210 మంది వింటున్నా ఆ వెయ్యితోనే సరి. గంటకి పదిహేను పాటల చొప్పున వేస్తే ఏడాదికి లక్షా ముప్పై వేల పైచిలుకు పాటలు తిరుగుతాయి. అందులో మీవి 365. పొద్దున్న శ్రోతలు కాస్త ఎక్కువ ఉంటారని సర్దుబాటు చేసినా, ఆ వెయ్యిలో మీ పాట పేరున పడేది మూడు, నాలుగు డాలర్లు. గాయనిగా మీకు దక్కేది అందులో సగం కూడా కాదు. మాస్టారు ఊహిస్తున్న డాలర్లు ఇవి. గ్రూపులో గొడవ జరుగుతున్నది వీటి గురించే.

అయితే ఈ లెక్క చూసి "ఇంతేనా, వదిలేద్దాం" అనుకోవడం కూడా తొందరపాటే. సౌండ్‌ఎక్స్ఛేంజ్‌కి డబ్బు కట్టేది మీ మరిది గారొక్కరే కాదు. అమెరికాలో ఉపగ్రహ రేడియో సిరియస్ ఎక్స్ఎం, పండోరా లాంటి పెద్ద సర్వీసులు, ఇంకా చిన్నా చితకా ఇంటర్నెట్ రేడియోలు ఎన్నో దానికే కడతాయి. మీ పాట ఎక్కడెక్కడ వస్తోందో మీకు తెలియదు. ఒకసారి నమోదైతే అన్నీ ఒకే ఖాతాలోకి వస్తాయి. స్పాటిఫై, యూట్యూబ్ సంగతి మాత్రం వేరు. అక్కడ శ్రోత తనకి కావాల్సిన పాట ఎంచుకుంటాడు కాబట్టి ఈ లైసెన్సు వర్తించదు. ఆ డబ్బు పాటని ఎక్కించిన కంపెనీ ఖాతాకి వెళ్తుంది. దాని లెక్క కంపెనీనే అడగాలి.

ఇక్కడే మీ మరిది గారు చేసిన ఒక పని చిక్కు తెచ్చింది. అది మీకూ తట్టినట్టు లేదు. ఈ లైసెన్సుకి షరతులున్నాయి. ఒకే ఆల్బమ్ నుంచి మూడు గంటల వ్యవధిలో మూడు పాటల కంటే ఎక్కువ వేయకూడదు, అవి కూడా వరసగా రెండు మించకూడదు. ఒకే కళాకారుడివైతే నాలుగు, వరసగా మూడు. ఏ పాట ఎప్పుడొస్తుందో ముందే జాబితా ప్రకటించకూడదు. కార్యక్రమాన్ని ఎప్పుడంటే అప్పుడు వినేలా సైట్లో ఉంచాలన్నా గట్టి పరిమితులున్నాయి. అయిదు గంటల లోపు కార్యక్రమమైతే అసలు ఉంచకూడదు. రేడియో పేరుతో పాటల దుకాణం నడపకుండా పెట్టిన కట్టుబాట్లు ఇవి. మన రేడియో నిర్వాహకులు చాలామందికి ఇవి తెలియవు. ముక్కోటి ఏకాదశికి మీ ఎనిమిది పాటలూ ఏకబిగిన వేయడం, దాన్ని సైట్లో ఉంచడం ఈ లైసెన్సు కిందకి రావు. దానికి ట్రాక్ హక్కుదారు అనుమతి విడిగా కావాలి.

అంటే రోజువారీ పాటకి ఆయన మిమ్మల్ని అడగనక్కర్లేదు, ముక్కోటి కార్యక్రమానికి అడగాలి. మీరు ఆయన్ని ఇరుకున పెట్టడానికి ఇది చెప్పడం లేదు. మీరు చేయి చాచాల్సిన పరిస్థితి కాదు, ఆయనకి మీ సంతకంతో పని ఉంది. మాట అక్కణ్ణుంచి మొదలైతే చుట్టరికం దెబ్బతినదు.

ఇంతకీ ఆ ట్రాక్ హక్కుదారు ఎవరు? మీరా, కంపెనీనా?

బీరువాలోంచి ఆ ఒక పేజీ అగ్రిమెంటు తీయండి. స్టూడియో ఖర్చు పెట్టి, బాధ్యత తీసుకుని రికార్డింగు చేయించింది మీరు. మన కాపీరైటు చట్టం ప్రకారం ఆ రికార్డింగుకి నిర్మాత మీరే, మొదటి హక్కుదారు కూడా మీరే. కంపెనీకి ఎంత వెళ్లిందో ఆ కాగితంలో రాసినదాన్ని బట్టే ఉంటుంది. 19వ సెక్షన్‌లో మీలాంటి వాళ్లకి పనికొచ్చే రెండు ముక్కలున్నాయి. హక్కు బదిలీ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లని అర్థం. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకేనని అర్థం. ఒక పేజీ అగ్రిమెంట్లలో చాలాసార్లు ఈ రెండూ ఉండవు. మీదీ అలాంటిదే అయితే కంపెనీ హక్కు సంతకం పెట్టిన అయిదేళ్లకే తీరిపోయింది, అమెరికా హక్కు అసలు వాళ్లకి వెళ్లనే లేదు. అప్పుడు సౌండ్‌ఎక్స్ఛేంజ్‌లో 50 శాతం వాటా కూడా మీరే అడగొచ్చు. ముక్కోటి అనుమతి ఇవ్వాల్సిందీ మీరే. అలా కాకుండా "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంటే ఆ 50 శాతం, ఆ అనుమతి కంపెనీవి. మీకు 45 శాతం మిగులుతుంది. ఈ ఒక్క కాగితం మాత్రం కాపీరైటు తెలిసిన లాయరుకి చూపించండి. ఒక సిట్టింగు ఫీజుతో అయ్యే పని.

లాయరు దగ్గరికి వెళ్లేలోపు ఇంట్లో కూర్చుని చూసుకోగలిగింది ఇంకొకటి ఉంది. డిజిటల్‌గా విడుదలైన ప్రతి ట్రాక్‌కీ ఐఎస్ఆర్‌సీ అని పన్నెండు అక్షరాల, అంకెల గుర్తింపు ఉంటుంది. సౌండ్‌ఎక్స్ఛేంజ్ వాళ్ల సైట్లో ఎవరైనా వెతకొచ్చు. మీ పేరు కొట్టి చూడండి. మీ పేరుని ఇంగ్లీషులో మీరు రాసుకునేటట్టే రాశారో లేదో చూడండి. మనవాళ్ల ఆల్బమ్‌లలో లక్ష్మి ఒక పాటకి ఒక రకంగా, ఇంకో పాటకి చివర రెండు అక్షరాలు పెరిగి ఇంకో రకంగా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. కొన్నిటికి గాయని స్థానంలో "వేరియస్ ఆర్టిస్ట్స్" అని పడి ఉంటుంది. రేడియో నుంచి వెళ్లే జాబితాలోనూ అదే తప్పు వెళ్తుంది, డబ్బు ఎవరికీ జతకాకుండా ఆగిపోతుంది. నా దృష్టిలో తెలుగు కళాకారులు పోగొట్టుకునే రాయల్టీలో మోసం కంటే ఈ స్పెల్లింగుల వాటానే పెద్దది.

మీరు అడగకపోయినా బాణీల సంగతి చెప్పాలి. అన్నమయ్య 1503లో కాలం చేశారు కాబట్టి సాహిత్యం మీద ఎవరి హక్కూ లేదు. కానీ తిరుమల సంకీర్తన భాండారంలోని రాగిరేకులు 1922లో వెలికి వచ్చాక, మనం పాడుకుంటున్న బాణీల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. మన చట్టంలో హక్కు స్వరకర్త పోయాక అరవై ఏళ్లు ఉంటుంది. 1979లో కాలం చేసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి బాణీలకి 2039 దాకా, 2014లో కాలం చేసిన నేదునూరి కృష్ణమూర్తి గారి బాణీలకి 2074 దాకా. ఆ హక్కు వారసుల దగ్గర ఉందా, ఏదైనా సంస్థ దగ్గర ఉందా అనేది ఆ బాణీ ఎవరి కోసం కట్టారన్నదాన్ని బట్టి మారుతుంది. పాడటం వేరు, బాణీ వేరు అని మనవాళ్లకి 2017 మార్చిలో బాగా తెలిసొచ్చింది. అమెరికాలో కచేరీల మీదున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్లడం, తాను పాడిన పాటల్నే ఆయన ఆ యాత్రలో పక్కన పెట్టాల్సి రావడం అందరూ చూశారు.

మీ విషయంలో దీనికి రెండు వైపులున్నాయి. మీరు కట్టుకున్న అయిదు బాణీలకి స్వరకర్త మీరే. పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకుని ఆ అయిదూ నమోదు చేయండి. 1969 నుంచి ఉన్న సంఘం అది, విదేశాల్లోని అలాంటి సంఘాలతో ఒప్పందాలున్నాయి. అమెరికా రేడియోలు బాణీల కోసం ఆస్కాప్, బీఎంఐ లాంటి సంఘాలకి కట్టే డబ్బులో మీ వాటా ఆ దారిన రావచ్చు. ఇది పైన చెప్పిన 45, 50 శాతాలకి సంబంధం లేని వేరే డబ్బు. మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత స్వరకర్త ఈ రాయల్టీలో తన సమాన వాటాని కంపెనీకి రాసిచ్చినా ఆ రాత చెల్లదు. గురువుగారి దగ్గర నేర్చుకున్న మూడింటినీ మాత్రం మీ పేరున వేసుకోకండి. ఆ బాణీలు ఎవరివో గురువుగారినే అడిగి తెలుసుకోండి. అనుమతి తీసుకోకుండా రికార్డు చేసి ఉంటే, ఇంకొకరిని రాయల్టీ అడిగే ముందు ఆ సంగతి సర్దుకోవడం మర్యాద, క్షేమం కూడా.

మన దేశంలో ఆ రేడియో యాప్ పెట్టుకుని వినేవాళ్ల మాటకొస్తే, అమెరికా లైసెన్సు ఇక్కడికి రాదు. ఇక్కడ రేడియో, టీవీలకి ఉన్న చట్టబద్ధ లైసెన్సు ఇంటర్నెట్‌కి వర్తించదని 2019లో బాంబే హైకోర్టు చెప్పింది, 2022లో డివిజన్ బెంచీ కూడా ఆ మాటే ఖాయం చేసింది. ఇక్కడ ఎవరికి వారు హక్కుదారుతో మాట్లాడుకోవాల్సిందే. మీ మరిది గారికి ఇక్కడి శ్రోతలు పదీ పరకా అయితే మీరు దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

ఇక మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్న మాటకొద్దాం.

సౌండ్‌ఎక్స్ఛేంజ్ లెక్కలో మాస్టారూ కుర్రాళ్లూ ముఖ్య కళాకారులు కారు, ఆల్బమ్ అట్ట మీద వాళ్ల పేర్లు మీ పేరుతో సమానంగా వేసి ఉంటే తప్ప. ఉంటే చూడండి. జుగల్‌బందీలా ఇద్దరి పేర్లూ ఒకే స్థాయిలో ఉన్న చోట 45 శాతాన్ని పంచుకోవాలి. మామూలుగా మన ఆల్బమ్‌లలో గాత్రం పెద్ద అక్షరాల్లో, పక్కవాద్యం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాగైతే వాళ్లకున్నది ఆ రెండున్నర శాతం నిధి. అక్కడి కళాకారుల యూనియన్లు కలిసి దాన్ని చూస్తాయి. మీ పాటంత చిన్న లెక్కకి అక్కణ్ణుంచి ఏదో వస్తుందని వాళ్లకి ఆశ పెట్టకండి.

అలాగని "సంభావన ఇచ్చేశాం, ఇక ఏమీ లేదు" అని చట్టం పేరు చెప్పి కూడా అనకండి. మన చట్టంలో ప్రదర్శకుడి హక్కు అని ఒకటుంది. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే జాబితాలో గాయకుడు, సంగీతకారుడితో పాటు గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. మృదంగం వాయించినవాడు లేకుండా పోడు. 2012 తర్వాత ఆ హక్కు ఇంకా గట్టిపడింది. గాయకుల కోసం 2013లో నమోదైన ఇస్రా అనే సంఘం ఇప్పుడు వాద్యకారుల్ని కూడా కలుపుకుని ఇసామ్రా అయింది. మీకూ వాళ్లకీ మధ్య రాసుకున్న కాగితం లేకపోవడం వాళ్లకే అనుకూలం, మీకు కాదు.

మీ ముందు కొన్ని దారులున్నాయి. వచ్చినదాంట్లో ఒక శాతం అనుకుని, ఏడాదికోసారి లెక్క చూపించి ముగ్గురికీ పంచడం ఒకటి. న్యాయంగా ఉంటుంది కానీ, ఏడాదికి వచ్చేది అయిదారు వేల రూపాయలైతే ఒక్కొక్కరికి రెండు, మూడు వందలు పంపుతూ, రాని ఏడు రాలేదని రుజువు చూపిస్తూ ఉండాలి. మీకు లెక్కలు రాసే అలవాటుంటే చేయండి. ఇప్పుడే ఒక మొత్తం ఇచ్చి, ఇకముందు వచ్చేదంతా మీదేనని సంతకాలు తీసుకోవడం ఇంకొకటి. శుభ్రంగా ఉంటుంది, కానీ వేణువు కుర్రాడు "ఏదో దాచబట్టే ఇస్తోంది" అనుకునే ప్రమాదముంది. మాస్టారికైతే డబ్బిచ్చి సంతకం అడగడం చిన్నతనంగా తోచొచ్చు. మూడోది, పాత ఆల్బమ్‌ని ఉన్నట్టు ఉంచి, చేతికొచ్చిన స్టేట్‌మెంటు వాళ్ల ముందు పెట్టి, ఇకముందు చేసే రికార్డింగులకి మొదటి రోజే కాగితం రాసుకోవడం. నేనైతే మొదటి రెండేళ్లు శాతం పద్ధతి నడిపి, అప్పటికి ఎంత వస్తోందో అందరికీ తెలిశాక మిగతాది నిర్ణయించుకునేదాన్ని. మీ మనుషులు మీకు తెలుసు.

మరిది గారితో కూడా ఒకటి కంటే ఎక్కువ దారులే. ఏమీ అనకుండా మీరు నమోదు చేసుకుని ఊరుకోవచ్చు. ఆయన లైసెన్సు కట్టుకుంటూ ఉంటే మీ వాటా దానంతటదే వస్తుంది, ఇంట్లో ఒక్క మాట లేవదు. ఆయన కట్టకపోతే ఏమీ రాదు, మీకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. లేదా ఆయన్ని డబ్బు అడగకుండా ఒక్క సమాచారం అడగొచ్చు: "బాబూ, మీరు సౌండ్‌ఎక్స్ఛేంజ్‌కి పంపే రిపోర్టులో నా పేరు ఎలా రాస్తున్నారో ఒకసారి చెప్పవా, నేను నమోదు చేసుకుంటున్నాను." ఇందులో నిందేమీ లేదు. జవాబు వెంటనే వస్తే లైసెన్సు ఉన్నట్టే. మాట దాటేస్తే లేనట్టే. లేదని తేలితే ఆయనకే ఇబ్బంది అని మెల్లగా చెప్పండి, ఎందుకంటే రేపు పెద్ద సినిమా కంపెనీ ఒకటి నోటీసు పంపితే అది వదినగారి ఫోన్‌లా ఉండదు. లైసెన్సు రుసుములన్నీ కలిపి చూసుకునే ఇంటర్నెట్ రేడియో ప్లాట్‌ఫారాలు అక్కడ ఉన్నాయి. చిన్న రేడియోలకి అదే సుఖం.

ఇంకో దారి, ట్రాక్ హక్కు మీదేనని తేలితే, ఆయన రేడియోకి మీరే నేరుగా ఉచితంగా అనుమతి రాసివ్వడం. అప్పుడు ముక్కోటి కార్యక్రమం, సైట్లో ఉంచడం అన్నీ సక్రమమవుతాయి, మీవారికీ సంతోషం. కానీ రోజువారీ ప్రసారాన్ని కూడా అందులో కలిపి రాస్తే, ఆ రేడియో మీ పాటకి సౌండ్‌ఎక్స్ఛేంజ్‌కి కట్టనక్కర్లేదు. 50 శాతంతో పాటు మీ 45, నిధికి వెళ్లే అయిదు కూడా అక్కడితో ఆగిపోతాయి. మీ వాటా మీరు వదులుకోవచ్చు, మాస్టారి మాట వచ్చిన తర్వాత వాళ్లని అడక్కుండా అలా రాయడం మాత్రం బాగుండదు. అందుకని ఇవ్వదలిస్తే ముక్కోటి కార్యక్రమం వరకే ఇవ్వండి. షరతుగా ఒకటి పెట్టండి: పాట వేసిన ప్రతిసారీ వయొలిన్, మృదంగం, వేణువు ఎవరివో పేర్లు చెప్పాలి. ఆయనకి ఖర్చు లేని పని, మాస్టారి కూతురు వింటుంది.

మీవారి మాటని తీసిపారేయకండి. డాలస్‌లో ఉన్నది ఆయన పిన్నమ్మ కొడుకు, రేపు పెళ్లిలో ఎదురుపడేది ఆయన. కానీ ఆయన భయపడుతున్నది చుట్టాన్ని డబ్బు అడగడానికి. ఒక సంస్థలో మీ పేరు నమోదు చేసుకోవడం చుట్టాన్ని అడగడం కాదు. ఆ రెండూ వేరని పైన లెక్క చూపిస్తే ఆయనకే తెలుస్తుంది.

నమోదు చేసేటప్పుడు మీరు అమెరికా పౌరురాలు కాదని చెప్పే డబ్ల్యూ-8 బెన్ అనే పన్ను ఫారం అడుగుతారు. దాంట్లో భారతదేశంతో ఉన్న పన్ను ఒప్పందం గడి నింపడం మర్చిపోకండి, లేకపోతే 30 శాతం అక్కడే కోసేస్తారు. మీ పాన్ కార్డు మీద ఉన్న పేరు, బ్యాంకు ఖాతా పేరు, ఆల్బమ్ మీద పేరు మూడూ వేరువేరుగా ఉంటే, ఆ మూడూ మీరేనని నమోదులోనే రాయండి.

గ్రూపులో వేణువు కుర్రాడికి ఇవాళే జవాబు ఇవ్వకండి. నమోదు అయ్యాక, "ఇంతవరకు నాకు ఏమీ రాలేదు, ఇప్పుడు దరఖాస్తు పెట్టాను, స్టేట్‌మెంటు రాగానే ముగ్గురికీ చూపిస్తాను" అని మాత్రం పెట్టండి. ఆ మెసేజ్‌కి ముందు మాస్టారికి మీరే ఫోన్ చేయండి. గ్రూపులో చదివి తెలుసుకోవడం ఆయనకి బాగుండదు.